పన్ను పోయిన చోట ఏం పెట్టించుకోవాలి: ఇంప్లాంటా, బ్రిడ్జా, తీసి పెట్టుకునే పన్నా?

రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయించుకోకుండా రెండేళ్ళు వదిలేసిన నా కింది దవడ పన్ను, ఒక సాయంత్రం చేగోడీ కొరికితే నిలువునా చీలింది. నరం ఎప్పుడో తీసేశారు కాబట్టి నొప్పి కూడా లేదు. టక్కున చిన్న చప్పుడు, నాలుకకు తగులుతూ ఊగే ముక్క, అంతే. ఎక్స్‌రే చూసి, చీలిక వేరు దాకా పోయింది, ఇక ఈ పన్ను నిలవదు అన్నారు డాక్టరు గారు. పీకించుకుని దూది కొరికి పట్టుకుని కూర్చున్నప్పుడే మూడు దారులు చెప్పారు: ఎముకలో మర (స్క్రూ) బిగించి దాని మీద పన్ను నిలిపే ఇంప్లాంట్, పక్క రెండు పళ్ళనూ అరగదీసి వాటి ఆసరాతో పన్ను నిలిపే బ్రిడ్జి, తీసి పెట్టుకునే పన్ను. చెంప మొద్దుబారి ఉన్న మనిషికి ఆ సమయంలో ఏదీ బుర్రకెక్కదు. చాలామంది ఆ కుర్చీలోనే దేనికో ఒకదానికి తల ఊపేసి వస్తారు, లేదంటే ఇంటికొచ్చి ఏళ్ళ తరబడి ఆ సంగతే మర్చిపోతారు. రెండూ చేయకండి.

మా ఇంట్లో ఇప్పుడు మూడూ ఉన్నాయి. అమ్మది తీసి పెట్టుకునే సెట్టు, బావగారిది బ్రిడ్జి, నాది ఇంప్లాంట్. నిర్ణయం తీసుకునే ముందు నలుగురు డాక్టర్లను అడిగాను, వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి రోజూ ఏం తింటున్నారో, ఏం తినలేకపోతున్నారో అడిగాను. అలా తెలుసుకున్నవీ, తర్వాత నేను స్వయంగా పడ్డవీ ఇక్కడ రాస్తున్నాను.

మూడిట్లో ఏది మంచిది అనే అందరం అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సింది, ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళ సంగతి. ఆ రెండూ పుప్పి లేకుండా, గట్టిగా, ఇంతవరకూ ఏ డాక్టరూ డ్రిల్లు పెట్టని పళ్ళైతే ఇంప్లాంట్ వైపు మొగ్గండి. వాటికి ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో రూట్ కెనాలో అయి, ఎలాగూ క్యాపులు వేయించాల్సినవే అయితే బ్రిడ్జి కలిసొస్తుంది, ఒకే ఖర్చులో మూడు పనులు అయిపోతాయి. ఆ పళ్ళే కదులుతూ, చిగుళ్ళలోంచి రక్తం వస్తుంటే మాత్రం ముందు చిగుళ్ళకు వైద్యం చేయించుకోవాలి, అప్పటిదాకా తీసి పెట్టుకునేదే సరి. నాకు అటూ ఇటూ పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క పన్ను కోసం రెండు మంచి పళ్ళను అరగదీయించుకోవడానికి మనసొప్పలేదు. నా నిర్ణయం అక్కడే సగం అయిపోయింది.

అసలు ఏమీ పెట్టించుకోకపోతే ఏమవుతుంది? జ్ఞానదంతమైతే ఏమీ కాదు, పోతే పోనివ్వండి. చిట్టచివరి దవడ పన్నైతే కొంతమందికి డాక్టర్లే వదిలేయమంటారు. మధ్యలో పన్ను పోయినప్పుడే చిక్కు. పక్క పళ్ళు మెల్లగా ఖాళీలోకి వాలుతాయి, ఎదురుగా ఉన్న పైపన్ను ఆనేది లేక కిందికి దిగుతుంది, దిగాక కొత్త పన్ను పెట్టడానికి చోటే మిగలదు. పైగా పన్ను లేని చోట దవడ ఎముక కరిగిపోతుంది. పీకిన మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఐదేళ్ళ తర్వాత ఇంప్లాంట్ కావాలని వెళ్తే, ముందు ఎముక పొడి వేసి పెంచాలి, దానికి ఇంకో నలభై వేలు, ఇంకో ఆరు నెలలు అంటారు. అందుకే ఏది పెట్టించుకున్నా మూడు నాలుగు నెలల్లోపు తేల్చుకోండి.

బ్రిడ్జి గురించి

అటూ ఇటూ పళ్ళను స్తంభాల్లాగా వాడుకుని, మూడు క్యాపులు కలిపి ఒకే ముక్కగా అతికిస్తారు. ఆ రెండు పళ్ళనూ చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మేర అరగదీస్తారు, పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు. కానీ ఆపరేషన్ ఉండదు, రెండు మూడు సార్లు వెళ్తే రెండు వారాల్లో పని అయిపోతుంది, అతికించిన మర్నాటి నుంచే నమలచ్చు. షుగరు అదుపులో లేనివాళ్ళకూ, ఆపరేషన్ అంటే భయపడేవాళ్ళకూ, ఎముక బాగా తగ్గిపోయినవాళ్ళకూ ఇది మంచి దారే. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు వస్తుంది.

చూసుకోవడమే ఇందులో కష్టం. మూడూ ఒకే ముక్క కాబట్టి పళ్ళ సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) మధ్యలో పోదు, బ్రిడ్జి అడుగు నుంచి ప్రత్యేకమైన ఫ్లాస్‌ను గానీ చిన్న బ్రష్‌ను గానీ దూర్చి శుభ్రం చేయాలి. మా బావగారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. తొమ్మిదేళ్ళు మటన్ బొక్కలు కూడా కొరికారు, ఏ ఇబ్బందీ లేదు. పదో ఏడు నోట్లో వాసన మొదలైంది. చూస్తే ఒక స్తంభం పన్ను క్యాపు అంచు దగ్గర పుచ్చి లోపలంతా నల్లబడిపోయింది. క్యాపు కింద పుచ్చితే బయటికి కనబడదు, నరం లేని పన్నైతే నొప్పీ ఉండదు. బ్రిడ్జి కోసి తీశారు, ఆ పన్నూ పీకారు. మొదట ఒక పన్ను లేదు, ఇప్పుడు రెండు లేవు, కొత్త బ్రిడ్జికి నాలుగు క్యాపులు కావాల్సి వచ్చింది. బ్రిడ్జి వేయించుకుంటే ఆ చిన్న బ్రష్ వాడటం డాక్టరు దగ్గరే అద్దం పెట్టుకుని నేర్చుకుని రండి, ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించండి.

తీసి పెట్టుకునేవి

ఒకటి రెండు పళ్ళకు గులాబీ రంగు ప్లాస్టిక్ పలక మీద పన్ను అమర్చి, పక్క పళ్ళకు తీగ కొక్కేలతో పట్టిస్తారు. రెండు మూడు వేల నుంచి మొదలవుతుంది, వారంలో చేతికొస్తుంది. ముందు పన్ను పోయి పెళ్ళిళ్ళకో ఇంటర్వ్యూకో వెళ్ళాల్సినవాళ్ళకు, ఇంప్లాంట్ అతుక్కునేలోపు ఖాళీ కనబడకుండా పెట్టుకునేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. అదే శాశ్వతం అనుకుంటే మాత్రం ఆలోచించండి. బరువంతా చిగురు మీద పడుతుంది, కొక్కేలు పట్టిన పళ్ళు కాలక్రమంలో వదులవచ్చు. శాశ్వతంగా కావాలంటే లోహంతో పోతపోసి చేసే కాస్ట్ పార్షియల్ అడగండి, ఖర్చు ఎక్కువైనా సన్నగా, గట్టిగా ఉంటుంది.

అమ్మది పూర్తి సెట్టు. రాత్రి పడుకునే ముందు తీసి, మెత్తటి బ్రష్‌తో సబ్బు నీళ్ళలో కడిగి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసి మూత పెడుతుంది. మొదట్లో పేస్టుతో తోమేది, గీతలు పడి మరకలు పట్టాయి, అప్పటి నుంచి మానేసింది. పైసెట్టు అంగిలికి అతుక్కుని బాగానే ఉంటుంది. కిందిదే బాధ. ఆరేళ్ళలో కింది దవడ ఎముక అరిగి, జొన్నరొట్టె నమిలితే సెట్టు లేచొస్తోంది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఇలాంటివాళ్ళకు మొత్తం దవడకు ఆరేసి ఎనిమిదేసి ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడలో ముందువైపు రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టు లోపల చొక్కా బొత్తాముల్లాంటివి బిగిస్తే టక్కుమని పట్టుకుంటుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు కూడా. కింది దవడలో ఒక్క పన్నూ లేనివాళ్ళకు మొదట సూచించాల్సింది ఇదేనని 2002లోనే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు చెప్పారు. అయినా ఇక్కడ చాలామంది పెద్దవాళ్ళకు ఈ దారి ఉందనే ఎవరూ చెప్పరు. మీ అమ్మగారికో నాన్నగారికో కింది సెట్టు వదులైతే తప్పకుండా అడగండి.

ఇంప్లాంట్: ఏ రోజు ఏం జరుగుతుంది

ఇంప్లాంట్ అంటే టైటానియం మర. మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల లావు, ఎనిమిది నుంచి పదమూడు మిల్లీమీటర్ల పొడవు, అంతే ఉంటుంది. అది వేరు. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న పీఠం, ఆ పైన క్యాపు. ధర అడిగేటప్పుడు ఈ మూడూ కలిపేనా అని విడిగా అడగండి, ప్రకటనల్లో కనబడే తక్కువ రేటు చాలాసార్లు ఒక్క మర వరకే.

1950లలో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన, ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం బిగించారు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని సొంతం చేసుకుని పట్టేసింది. 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో ఇలాంటి మరలు వేస్తే అవి నలభై ఏళ్ళ పైన పనిచేశాయి. మీరు పెట్టే డబ్బూ, ఆగే నెలలూ అన్నీ ఆ పట్టు కోసమే.

ముందు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీస్తారు. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ మందం తెలియదు. కింది దవడలో పెదవికి స్పర్శ ఇచ్చే నరం ఉంటుంది, మర దానికి కనీసం రెండు మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి, తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు. పై దవడలో వెనకవైపు సైనస్ అనే గాలి గది అడ్డొస్తుంది, అక్కడ ఎముక చాలకపోతే దాని అడుగును పైకెత్తి ఎముక పెంచే సైనస్ లిఫ్ట్ అని ఇంకో పని ఉంటుంది. స్కాన్ లేకుండా ఇంప్లాంట్ వేస్తామంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

ఆపరేషన్ రోజు పన్ను పీకేటప్పుడు ఇచ్చే ఇంజెక్షనే ఇస్తారు. నాకు కుర్చీలో నలభై నిమిషాలు పట్టింది. డ్రిల్లు చప్పుడు వినబడింది, తల మొత్తం సన్నగా అదిరింది, చల్లటి సెలైన్ నీళ్ళు గొంతులోకి జారుతుంటే పైపుతో లాగుతున్నారు, నొప్పి మాత్రం లేదు. ఎముక వేడెక్కకూడదని డ్రిల్లు చాలా నెమ్మదిగా తిప్పుతారు, మధ్య మధ్య ఆపుతారు, అది చూసి ఏదో తేడా కొట్టిందని టెన్షన్ పడకండి. చివర్లో చిన్న రెంచితో మరను చేత్తో బిగించినప్పుడు దవడ మీద ఒక ఒత్తిడి తెలిసింది, అదొక్కటే నాకు వింతగా అనిపించిన క్షణం. రెండు కుట్లు వేసి పంపేశారు. నిజం చెప్తున్నాను, అంతకు ముందు పన్ను పీకించుకున్నదే నాకు ఎక్కువ బాధ పెట్టింది.

ఆ రాత్రి మాత్ర వేసుకుంటే నిద్ర పట్టింది. వాపు మర్నాడు, ఆ మర్నాడు పెరిగి తర్వాత తగ్గింది. మొదటి రోజు బయటి నుంచి ఐసు పెట్టాలి, పుక్కిలించి ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ మూడు రోజులు. కారం తగిలితే కుట్ల దగ్గర భగ్గుమంటుంది, వారం పాటు పచ్చళ్ళు పక్కన పెట్టాను. వారం పది రోజులకు కుట్లు తీస్తారు. నాలుగో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, చీము వస్తున్నా, పెదవి మొద్దు మర్నాటికీ వదలకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే వెళ్ళాలి.

ఇక అందరూ పొరపాటు చేసే చోటు. మర బిగించిన రోజు గట్టిగా ఉంటుంది, కారణం అది ఎముకను బిగువుగా పట్టుకోవడం. తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముక కరిగి కొత్తది పుడుతుంది, ఆ మార్పిడి జరిగే మూడు నాలుగు వారాల దగ్గర పట్టు బాగా తక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే మనకు నొప్పి పోయి, అంతా మానిపోయిందనిపించి, సకినాలో జంతికలో ఆ వైపు వేసుకుంటాం. లోపల ఏమవుతోందో నొప్పి మనకు చెప్పదు. కింది దవడకు రెండు మూడు నెలలు, పై దవడ ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు, డాక్టరు చెప్పేదాకా రెండో వైపే నమలండి.

ఆ తర్వాత చిగురు మీద చిన్న గాటు పెట్టి హీలింగ్ క్యాప్ అనే బిళ్ళ బిగిస్తారు, రెండు వారాలకు చిగురు దాని చుట్టూ గుండ్రంగా సర్దుకుంటుంది, అప్పుడు కొలత తీసి క్యాపు చేస్తారు. కొన్ని సందర్భాల్లో ఆ బిళ్ళ మొదటి రోజే పెట్టేస్తారు, అప్పుడు రెండో గాటు ఉండదు. క్యాపు మరతో బిగించేదా, సిమెంటుతో అతికించేదా అని అడగండి. మరతో బిగించినదైతే ఏ తేడా వచ్చినా విప్పి మళ్ళీ బిగించచ్చు. సిమెంటు చిగురు కిందికి జారి మిగిలిపోతే అక్కడే చీము పట్టే ప్రమాదం ఉంది.

ఎవరు తొందరపడకూడదు

షుగరు ఉన్నవాళ్ళకు ఇంప్లాంట్ వేయకూడదన్నది పాత మాట. అదుపులో ఉంటే వేస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 7 దరిదాపుల్లో ఉంటే చాలామంది ముందుకెళ్తారు, 8 దాటితే తగ్గించుకుని రమ్మంటారు. ఆ మాట చెప్పి వెనక్కి పంపిన డాక్టరునే నమ్మండి. సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళలో ఇంప్లాంట్ పోయే అవకాశం బాగా పెరుగుతుంది. ఎముకల బలానికి వాడే అలెండ్రోనేట్ మాత్రలు గానీ జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు గానీ ఎప్పుడైనా వాడి ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పి తీరాలి, వాటివల్ల దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. మా అమ్మ వయసు ఆడవాళ్ళు చాలామంది అవి మోకాళ్ళ డాక్టరు ఇచ్చిన మాత్రలే కదా అని చెప్పరు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, గుండె డాక్టరునూ పళ్ళ డాక్టరునూ మాట్లాడుకోనివ్వండి. పద్దెనిమిదేళ్ళు దాటని పిల్లలకు దవడ ఇంకా ఎదుగుతుంటుంది కాబట్టి ఆగాలి.

"మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు" అన్న బోర్డులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ కనబడుతున్నాయి. అది అబద్ధమేమీ కాదు, నోట్లో పళ్ళే లేనివాళ్ళకు కొన్ని మరలు వేసి అన్నిటినీ కలిపి కట్టేస్తే ఒకదానికొకటి ఊతమై వెంటనే పనిచేసే పద్ధతులున్నాయి. మీకు పోయింది ఒక్క దవడ పన్నైతే ఆ తొందర మీకు అవసరం లేదు. కదులుతున్నాయని చెప్పి మిగిలిన మంచి పళ్ళను కూడా పీకేద్దాం అంటే మాత్రం ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. పీకేశాక ఇక వెనక్కి తిరగలేం.

డబ్బు

నేను హైదరాబాద్‌లో అడిగిన చోట్ల ఒక ఇంప్లాంట్ క్యాపుతో కలిపి పాతిక వేల నుంచి యాభై వేల దాకా చెప్పారు. ఓస్టెం, డెంటియం లాంటి కొరియా కంపెనీలవీ, ఇజ్రాయెల్ నుంచి వచ్చేవీ ఆ మధ్యలో ఉంటాయి, స్విట్జర్లాండ్ కంపెనీ స్ట్రామన్ లాంటివి అంతకు పైన. మూడు క్యాపుల బ్రిడ్జి మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ) అయితే పది నుంచి పద్దెనిమిది వేలు, జిర్కోనియా (లోహం లేని గట్టి తెల్లటి పింగాణీ) అయితే ఇంచుమించు ఇంప్లాంట్ ధరకే వస్తుంది. అంటే మంచి జిర్కోనియా బ్రిడ్జికి సిద్ధపడ్డవాళ్ళు ఇంప్లాంట్ ఖరీదని వెనకాడాల్సిన పని లేదు. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు వీటికి డబ్బు ఇవ్వవు, ప్రమాదంలో పళ్ళు పోతే తప్ప. అంత పెట్టలేనివాళ్ళు డెంటల్ కాలేజీల్లో అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, ప్రైవేటు కాలేజీలూ చాలానే ఉన్నాయి, పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, ఖర్చు తగ్గుతుంది.

అమెరికాలో ఒక ఇంప్లాంట్ మూడు వేల డాలర్ల పైమాటే, అక్కడి డెంటల్ ఇన్సూరెన్సులు చాలావాటికి ఏడాదికి ఒకటి రెండు వేల డాలర్ల పరిమితి ఉంటుంది. అందుకని అక్కడ ఉండే మనవాళ్ళు ఇండియా వచ్చినప్పుడు చేయించుకుంటారు, మంచిదే. అయితే మూడు వారాల సెలవులో రెండూ అయిపోవాలని డాక్టరు మీద ఒత్తిడి పెట్టకండి. ఒక ట్రిప్పులో మర, తర్వాతి ట్రిప్పులో క్యాపు. మధ్యలో ఆరు నెలలు కాదు ఏడాది ఆగినా చిగురు కింద మరకు సాధారణంగా ఏమీ కాదు, పక్క పళ్ళు వాలకుండా చూసుకుంటే చాలు.

క్యాపు వేయించుకున్నాక మర పుచ్చదు గానీ దాని చుట్టూ చిగురు పాడవచ్చు, ఎముక జారవచ్చు. సొంత పన్నుకు ఎముకకూ మధ్య సన్నటి పొర ఉంటుంది, గట్టిగా కొరికితే అదే హెచ్చరిస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, తేడా వచ్చినా తెలియదు. కాబట్టి రోజూ పళ్ళ మధ్యలో చిన్న బ్రష్, ఆరు నెలలకోసారి డాక్టరు దగ్గర శుభ్రం, రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే నైట్ గార్డు అనే తొడుగు.

ఒక చిన్న కాగితం సంగతి చెప్పాలి. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు వస్తుంది, దాన్ని ఒక కార్డు మీద అంటించి ఇవ్వమని అడగండి. నాకు ఇవ్వలేదు, అడిగితే వెతికి ఇచ్చారు. పద్నాలుగు నెలల తర్వాత బెంగళూరులో ఉండగా క్యాపు కొంచెం కదిలినట్టు అనిపించింది, భయపడుతూ దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చూసి, ఇంప్లాంట్ బాగానే ఉంది, క్యాపును పట్టుకునే పైమర వదులైంది, ఏ కంపెనీది అని అడిగారు, ఒక్కో కంపెనీకి ఒక్కో రకం స్క్రూడ్రైవరు ఉంటుందట. ఫోన్‌లో కార్డు ఫోటో చూపించాను. క్యాపు మీది ఫిల్లింగు తీసి, మర బిగించి, మళ్ళీ మూసేశారు. పది నిమిషాలు పట్టింది.